కొండకి తాళం

శ్రావణమాసం, గురువారం, మధ్యాహ్నం రెండు దాటింది. అనకాపల్లి ఊరి చివర, మొన్న ఎండల్లో నిలువునా కాలిపోయి, వానలు పడేసరికి ఒళ్ళంతా పువ్వులు కప్పుకున్న కొండ. దాని చుట్టూ అటవీశాఖ వాళ్ళు కొత్తగా కంచె వేసి, ఒక ఇనప గేటు పెట్టేరు. గేటుకి లోపల బెల్లం వర్తకుడు సూరిబాబు భార్య వరహాలక్ష్మి. బయట కాపలా వాచరు రాములు. తాళంచెవి కూడా బయటే ఉంది.

“అలా అంటే ఎలా రాములూ? టైమైపోయిందని నాకెలా తెలుస్తుంది? గంట కొట్టేవా, ఈల వేసేవా?”

“ఏసేనమ్మగోరూ. రెండుసార్లు ఏసేను ఈల. సెల్ఫీలోల్లు దిగిపోయేరు, రీల్సు తీసుకునే పిల్లలు దిగిపోయేరు. మీరే దిగలేదు.”

“పిట్టేమో అనుకున్నాను.”

“ఈ కొండ మీద పిట్టలేవమ్మా? కాలిపోనాక ఇంకా రాలేదు.”

“సరే, తప్పు నాదే. గేటు తియ్యి.”

“తియ్యడానికి లేదు.”

“తాళంచెవి పోయిందా?”

“జేబులోనే ఉంది.”

“జేబు కుట్టేసుకున్నావా?”

“మీరు బాగా మాటాడతారమ్మగోరూ. మూడింటికి రేంజరుగోరు వత్తన్నారు. ఆయనొచ్చేక తీత్తాను.”

“ఆయన వచ్చి నన్నేం చేస్తారు?”

“ఏం సెయ్యరు. పువ్వులు కోసేరేమోనని సంచీ సూత్తారు. అంతే.”

“కోసేనయ్యా, ఒప్పుకుంటున్నాను. రేపు వరలక్ష్మీ వ్రతం. అమ్మవారికి నాలుగు అడవి పువ్వులు పెడదామని.”

“ఏయీ, సూపించండి.”

“ఏం చూపించాలి?”

“కోసినియ్యి.”

“కొయ్యలేదు. కోద్దామనుకున్నాను.”

“అయిదు గురువారాల్నుంచీ అనుకుంటన్నారు.”

“నువ్వు పువ్వులకి కాపలానా, నాకా?”

“రెండింటికీ జీతం ఒకటేనమ్మా. సంచీ ఇలా ఊసల్లోంచి ఇయ్యండి... ఏటిది, పుస్తకం? ఈ బొమ్మలన్నీ మీరే గీసేరా?”

“నేనే. జాగ్రత్త, చెయ్యి తడిగా ఉంటే రంగు అంటుకుంటుంది. డిగ్రీలో బోటనీ చదివేను. పెళ్ళయ్యేక నా బోటనీ అంతా కొత్తిమీర కట్ట దగ్గర ఆగిపోయింది.”

“ఇది నాబి పువ్వు కదా? పొయ్యిలో మంటలాగ ఉంటాది.”

“నాభే. దాని దుంప భూమిలో ఉండిపోతుంది. పైన ఎంత కాలినా కింద ప్రాణం పోదు. ఇది అడవి పసుపు. ఇదిగో ఇది నేలతాడి, చుక్కంత పసుపు పువ్వు. ఆ తునికి మోడు చూసేవా, పక్కనుంచి ఎర్రగా చిగురు పెట్టింది. వచ్చే గురువారానికి నా మోకాలంత అవుతుంది.”

“సిన్నప్పట్నుంచీ సూత్తన్నాం ఇయన్నీ. పుస్తకంలోకి ఎక్కించాలని తెల్లేదు.”

“ఐదు నెలల్లో ఎలా తేరుకుందో చూడు రాములూ! నిజం చెప్పాలంటే మంట మంచే చేసింది దీనికి. చెత్తా చెదారం పోయింది, నేలకి ఎండ తగిలింది. లేకపోతే ఇన్ని పువ్వులు వచ్చేవా?”

“మంచే సేసింది.”

“కదూ?”

“కంజుపిట్టలు గుడ్లెట్టే రోజులమ్మా అయ్యి. తాబేల్లు డొప్పల్లోనే ఉడికిపోనాయి. ఏడు. నేనే ఏరి పాతెట్టేను. ఆటికి మరి మీ నాబి దుంపలాగ కిందన పేనం దాచుకోడం తెల్లేదు... మీ ఫోను మోగతన్నాదమ్మా.”

“తెలుసు. మా ఆయన. ఆఁ, చెప్పండి... గుళ్ళోనే ఉన్నాను, బాబా గుళ్ళో. మధ్యాహ్న హారతండీ. అవును, ఇవాళ ఆలస్యమైంది... ఎవరు? అత్తయ్యగారా? ఇవాళా? ఎలమంచిలిలో బస్సెక్కేసేరా?... లేదండీ, సంతోషంగానే ఉన్నాను. గుళ్ళో గొంతు ఇలాగే వినిపిస్తుంది... వచ్చేస్తాను. ఆవిడ గుమ్మం ఎక్కేలోపు వచ్చేస్తాను. పెట్టేస్తున్నాను, పూజారిగారు చూస్తున్నారు.”

“పూజారిగోరు నేనేనా?”

“నువ్వు వింటున్నావా?”

“వినకూడదనే అటు తిరిగేను. మీరే గట్టిగా మాటాడేరు.”

“చూడు రాములూ. మా అత్తగారు ఐదు నెలల తరవాత ఇంటికొస్తున్నారు, వ్రతం చూడ్డానికి. ఆవిడ వచ్చేసరికి నేను ఇంట్లో లేకపోతే ఒక్క మాట కూడా అనరు. ఆ అనకపోవడం ఒక వారం ఉంటుంది. తియ్యి నాయనా.”

“ఐదు నెల్లు ఎందుకుండిపోనారమ్మా అక్కడ?”

“పొగ. ఈ కొండ కాలినప్పుడు మా వీధంతా మూడ్రోజులు పొగే కదా. ఆవిడకి ఆయాసం వచ్చింది. మా మరిది రామ్‌గోపాల్ కారేసుకొచ్చి తీసుకుపోయేడు. ఇంతకీ మీ రేంజరుగారు జీపేసుకుని నా సంచీ చూడ్డానికే వస్తున్నారా?”

“కాదమ్మా. నా సంతకానికి.”

“దేని మీద?”

“అయ్యప్ప కేసు కాయితం మీద. అయ్యప్పంటే మా సెల్లెలు కొడుకు. మేకలు కాసేవోడు. కొండ తగలెట్టింది ఆడేనంటన్నారు. ఆ రోజు నేను కిందన జీడితోట్లో పనిలో ఉన్నాను. కొండ మీద ఆడు తప్ప ఇంకో మడిసి నాకు కనపడలేదని రాసేరు. దాని మీద సంతకం ఎట్టాల. అది కోర్టుకెల్తాది.”

“పెట్టకపోతే?”

“ఈ వాచరు పని పోద్ది. పోతే పోనీయండి. కానీ అది అబద్దం కాదు కదమ్మా. నిజంగానే నాకు ఎవులూ కనపడలేదు. నిజం మీద సంతకం ఎడితే ఆడు జైలుకెల్తాడు.”

“వాడే పెట్టేడేమో.”

“ఎట్టేడేమో.”

“మేకలవాళ్ళు కొత్త గడ్డి కోసం నిప్పు పెడతారంటారు కదా. అందరూ అంటారు.”

“అంటారమ్మా. ఆడి మేకలు పదకొండు ఆ మంటలోనే పోనాయి. కొత్త గడ్డి ఎవులు మేత్తారని ఎట్టేడో మరి.”

“... ఆ మాట రేంజరుగారితో చెప్పకపోయేవా?”

“సెప్పేను. నిప్పెట్టినోడికి గాలి మాట వింటాదేటి, తిరగబడుంటాది అన్నారు.”

“ఊఁ. సరే, ఆ గొడవ ఎందుకులే మనకి. ఆ పేజీ తిప్పు. అది కాదు, ఆ తరవాతది. అది చాలా కష్టపడి గీసేను.”

“ఏటీ గీతలు?”

“కొండ పటం. ఎక్కడ ఏ పువ్వు ముందు లేచిందో గుర్తులు పెట్టేను. ఇది ఒకటో నంబరు, గండమ్మ తల్లి రాయి. మంట అక్కడ మొదలై ఇటు పడమటికి పాకింది కదా, అందుకని ఒకటి అక్కడ వేసేను. రెండు ఇక్కడ. మూడు మేకల దారి. అక్కడికి వచ్చేసరికి జోరు తగ్గింది, పొదలు సగమే కాలేయి.”

“రాయి కాడ మొదలైందని ఎవులు సెప్పేరమ్మా?”

“... అందరూ అంటున్నారు కదా.”

“ఎవులూ అనలేదు. రేంజరుగోరి కాయితంలో మేకల దారి కాడ మొదలైందని రాసుంది. ఊరంతా అదే అంటన్నాది. రాయి కాడ అని ఒక్కడే అన్నాడు. అయ్యప్ప.”

“అయితే నేను పువ్వుల్ని చూసి అంచనా వేసేనన్నమాట. బోటనీ.”

“పువ్వుల్ని సూసి.”

“ఆఁ, పువ్వుల్ని చూసి.”

“బాగా సదువుకున్నారమ్మా.”

“వెటకారమా?”

“నాలుగో తరగతి దాకే సదివేనమ్మగోరూ. ఎటకారం అయిదులో సెప్తారంట.”

“గేటు తియ్యి రాములూ.”

“అందరూ వచ్చి పువ్వుల కాడ నిలబడి ఫొటోలు తీసుకుంటారు. మీరు ముందు రాయి కాడికెల్తారు. అక్కడ కాసేపు తల దించుకుని నిలబడతారు. ఆ తరవాతే పుస్తకం తీత్తారు. అయిదు గురువారాలూ అంతే. ఇయాల అందుకే తాళం ఏసేను.”

“దేవత కదా, దణ్ణం పెట్టుకోవద్దా?”

“సేతులు జోడించరు మీరు. ఊరికే నిలబడతారు.”

“దణ్ణం పెట్టేవాళ్ళకి కూడా కాపలా ఉంటుందని తెలిస్తే గట్టిగా పెట్టేదాన్ని.”

“అయ్యప్ప ఇంకోటి కూడా సెప్పేడమ్మా. ఎవులూ నమ్మలేదు. ఆడి మావని, నేనూ నమ్మలేదు.”

“నాకెందుకు చెప్పడం?”

“రాయి కాడ ఒకావిడ కర్పూరం ఎలిగించిందంట. పచ్చ సీర. ఎలిగించి దిగిపోతందంట. ఎండాకులు కదా, గాలికి అంటుకున్నాయి. ఈడు పైనుంచి సూసి కేకేసేడంట. ‘అమ్మా! మంట, మంట!’ అని. మూడుసార్లు. ఆవిడ తిరగలేదంట. తల కూడా తిప్పలేదంట. అలాగే దిగిపోనాదంట.”

“... రేంజరుగారు ఏమన్నారు?”

“నవ్వేరు. ‘మంట అని అరిత్తే తిరిగి సూడని మడిసి భూమ్మీద ఉంటాడేట్రా? సెప్పేదేదో అతికేలా సెప్పు’ అన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఎంత సెవిటోల్లైనా ఎనకాల సెగ తగిలితే తిరగరేటి?”

“తిరక్కూడదు.”

“ఏటమ్మా?”

“గండమ్మ తల్లికి మొక్కు దీపం పెడితే, కొండ దిగి రోడ్డెక్కేదాకా వెనక్కి తిరక్కూడదు. ఎవరు పిలిచినా సరే. తిరిగితే మొక్కు చెల్లదు.”

“నేనీ కొండ కిందే పుట్టేను. ఎప్పుడూ వినలేదు.”

“మగవాళ్ళకి చెప్పరు. ఆడవాళ్ళ మొక్కు అది. మగవాడి చెవిన పడినా చెల్లదంట. మా ఇంట్లో అంట్లు తోమే అప్పలనర్సమ్మ చెప్పింది నాకు. మా వీధిలో సగంమంది పెట్టేరు ఆ దీపం. అడుగు, ఒక్కరూ ఒప్పుకోరు.”

“ఇప్పుడు నాకు సెప్పేసేరు కదమ్మా.”

“చెప్పేసేను కదూ... ఆవిడకి కేక వినపడలేదేమో రాములూ. గాలి కదా ఆ రోజు.”

“వినపడలేదేమో.”

“కొండ మీద గాలి ఎటు వీస్తే మాట అటే పోతుంది.”

“పోతాది.”

“... వినపడింది. మొదట ‘అమ్మా’ అన్నది వినపడింది. తల్లి పరీక్ష పెడుతోందనుకున్నాను. రెండోసారి ‘మంట’ అన్నది కూడా వినపడింది. అదీ పరీక్షే అనుకున్నాను. మూడోసారికి అతని గొంతు చీలిపోయింది. అప్పుడు తెలిసిపోయింది, తల్లి కాదు మనిషేనని. అప్పటికి సగం దిగేసేను. ఇప్పుడు తిరిగితే మొక్కూ పోతుంది, నేను చూసినంతమాత్రాన మంటా ఆరదు అనుకున్నాను. అనుకోవడమేంటి, అడుగడుక్కీ లెక్క కట్టుకుంటూ దిగేను. రోడ్డెక్కి ఆటో ఎక్కేను. ఆటోలో కూడా తిరగలేదు. ఇంటికెళ్ళి మేడెక్కి చూసేను.”

“మేడ మీదనుంచి బాగా కనిపించుంటాది.”

“బాగా కనిపించింది. మా ఆయన కూడా వచ్చి నా పక్కనే నిలబడి చూసేరు. ‘ఎవడో వెధవ తగలెట్టేడు’ అన్నారు. నేను కిందకెళ్ళి కాఫీ పెట్టేను.”

“అంత పెద్ద మొక్కేటమ్మా? పిల్లలకి బాగులేదా?”

“బాగానే ఉన్నారు.”

“అయ్యగోరికా?”

“ఆయనకేం, రాయిలా ఉన్నారు. అడక్కు రాములూ.”

“అడగను.”

“మా అత్తగారు మూణ్ణెల్లపాటు మా మరిది ఇంట్లో ఉండాలని... నవ్వుతావేం?”

“నవ్వలేదమ్మా. దగ్గొచ్చింది.”

“నవ్వు, పర్వాలేదు. దీపం పెట్టేటప్పుడు నాకూ నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళు రాములూ. ఆవిడ వెనకాల నిలబడి చూడకుండా నేను ఒక్కరోజు పాలు కాచి ఎరగను. కొట్టరు, తిట్టరు, ఊరికే చూస్తారు. ఎవరితోనైనా చెప్తే చూస్తే ఏం పోయిందంటారు. మూణ్ణెల్లు చాలు అనుకున్నాను. తల్లి ఐదు నెలలు ఇచ్చింది. అదీ పొగ పెట్టి మరీ ఇచ్చింది.”

“మొక్కు తీరిపోనాది.”

“దివ్యంగా తీరింది. ఇప్పుడు ఒక్కదాన్నే పాలు కాస్తున్నాను. ఏ రోజు కాచినా మాడిన వాసనే వస్తోంది. గిన్నెలు మూడు మార్చేను.”

“రేంజరుగోరికి సెప్పకూడదేటమ్మా ఇదంతా?”

“చెప్తే ఆయన మొట్టమొదట ఏం అడుగుతారు? ‘ఏం మొక్కుకున్నావమ్మా?’ అంటారు. కాగితం మీద రాస్తారు. ఆ కాగితం మా ఆయన చదువుతారు. మా ఆయనకి పేపరైనా కరెంటు బిల్లైనా పైకి చదివే అలవాటు. మా అత్తగారు ఉయ్యాల మీద కూర్చుని వింటారు. ఆ ఇంట్లో మళ్ళీ నేను అన్నం ఎలా వడ్డించుకోను?”

“జైలేసినా?”

“జైలుకి భయంలేదు. అక్కడ అత్తగార్లు ఉండరు.”

“ఉంటారమ్మా. కోడల్లని కొట్టినోల్లు అక్కడే ఉంటారు.”

“నువ్వు ఐదు కూడా చదివేవు రాములూ, అబద్ధం చెప్తున్నావు. అతనికి... అయ్యప్పకి ఏమైంది ఆ రోజు? ఆ తరవాత?”

“పచ్చికొమ్మలు ఇరిసి మంట మీద కొట్టేడు. ఒక్కడూ. మేకల్ని ఒగ్గేసి రాయి కాడికి పరిగెత్తేడు, అక్కడ ఆరితే పైకి రాదని. ఆరలేదు. ఎనక్కొచ్చేసరికి మేకల్లేవు. సేతులు రెండూ మోసేతుల దాకా కాలిపోనాయి. ఇప్పటికీ అన్నం ముద్ద మా సెల్లెలే పెడతన్నాది. ఆ కాలిన సేతులే సాచ్చికం అంటన్నారు. తగలెట్టకపోతే సేతులెలా కాల్తాయని.”

“ఎంత వయసు?”

“ఇరవై నాలుగు. పాయకరావుపేటలో పిల్లని సూసేం, పేరు కుమారి. తాంబూలాలు కూడా అనుకున్నాం. ఆల్లు ఎనక్కెల్లిపోనారు.”

“అతను నా మొహం చూళ్ళేదా?”

“ఎలా సూత్తాడమ్మా? మీరు తిరగలేదు కదా.”

“... ఎక్కడైనా కనిపిస్తే పోల్చగలడా?”

“సీర రంగు సెప్పగలడు. ఆ రంగు సీర అనకాపల్లిలో ఎందరికుంటాది? అదీ అడిగేరు రేంజరుగోరు.”

“నేనది కట్టడం మానేసేను. బీరువాలో అడుక్కి తోసేసేను. మా అత్తగారు కొన్నదే అది.”

“అదిగో, జీపు సప్పుడు. సెరువు మలుపులో ఉంది.”

“అప్పుడే మూడైపోయిందా?”

“అయిదు నిమిషాల్లో వచ్చెత్తారు. ఉండండమ్మా... ఇదిగో, తాళం తీసేను. ఎల్లండి.”

“అదేంటి?”

“ఎల్లిపోండి. జీడితోట్లోంచి అడ్డదారి ఉంది, ఆటోలు ఆగేకాడికి ఎల్తాది. మీ అత్తగోరి కంటే ముందు ఇంటికి సేరిపోతారు.”

“ఇంతసేపూ తాళం వేసి కూర్చోబెట్టి, ఇప్పుడు తీస్తావేం?”

“నాకు తెలుసుకోవాలనిపించింది. ఆడు అబద్దం ఆడేడో లేదో. అయిదు నెల్లనుంచీ ఆడి మొఖంలోకి సూసి మాటాడలేదు నేను. ఇయాల ఎల్లి మాటాడతాను. అది సాలు.”

“సంతకం?”

“ఎట్టను.”

“పని పోతుందన్నావు కదా.”

“మల్లీ జీడితోటుంది.”

“నువ్వు పెట్టకపోతే అయ్యప్పని వదిలేస్తారా?”

“ఒగ్గరు. ఇంకోడి సేత ఎట్టిత్తారు.”

“మరి నన్నెందుకు పొమ్మంటున్నావు? నువ్వే చెప్పెయ్యి, ఇదిగో ఈవిడేనని.”

“నేను సూడలేదు కదమ్మా. సూడంది సూసేనని ఆల్లూ అంటన్నారు, నేనూ అంటే ఇంక తేడా ఏటి? మీ నోటితో మీరు సెప్తే సెప్పినట్టు. లేకపోతే లేదు. ఎల్లండి, జీపు గుడి దాటింది. పుస్తకం మర్సిపోకండి.”

“ఉంచు. అందులో పటం ఉంది, ఆయనకి చూపించాలి.”

“మడిసి లేకండా పటం ఎవులు నమ్ముతారు? ఎల్లండమ్మా. గేటు తీసే ఉంది.”

“వెయ్యి.”

“ఏటి?”

“గేటు వెయ్యి రాములూ. తాళం కూడా వెయ్యి. ఆయన వచ్చి ఇక్కడ నిలబడేదాకా, నేను ఎంత బతిమాలినా తియ్యకు. తెరిచి ఉంటే నేను వెళ్ళిపోతాను.”